గొట్టం మీద బోర్లించిన డబ్బా

(రామచంద్రపురంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నది)

నమస్కారమండి అందరికీ. కరపత్రంలో నా గురించి "ఇంగ్లండులో రైలింజన్లు బాగుచేసి వచ్చిన ఇంజనీరు" అని వేశారు. నేను ఇంజనీర్ని కాదండి, ఐటీఐ డీజిల్ మెకానిక్‌ని. ఇంజన్లు కూడా కాదు, ఒకే ఒక్క ఇంజను. అది కూడా నేను బాగుచెయ్యలేదు. బాగుచేసేవాళ్ళకి స్పానర్లు అందించాను, గుడ్డలు ఉతికాను, ఒక్కరోజు మాత్రం స్టార్ట్ చెయ్యబోతుంటే అడ్డం పడ్డాను. ఆ అడ్డం పడ్డ సంగతి చెప్పాలనే వచ్చాను. కానీ దానికి ముందు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, కొంచెం ఓపిక పట్టండి.

మా నాన్న రైసు మిల్లులో ఇంజను డ్రైవరు. మిల్లుకి డ్రైవరేంటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కరెంటు రాకముందు, వచ్చాక కూడా దాని మీద నమ్మకం కుదరకముందు, హల్లరు మిల్లు, అంటే వడ్లు దంపే మిల్లు, నడిచింది ఆయిల్ ఇంజను మీదే కదండీ. మనిషెత్తు ఫ్లైవీలు, దాని మీంచి పైన షాఫ్టుకి ఒక పెద్ద బెల్టు, ఆ షాఫ్టు మీంచి ఒక్కో హల్లరుకి ఒక్కో బెల్టు. పొద్దున్నే దాన్ని లేపి రాత్రి పడుకోబెట్టే మనిషి డ్రైవరు. ఇంట్లో గడియారం లేనివాళ్ళు ఆ గొట్టం చప్పుడు విని పిల్లల్ని బడికి తోలేవారు. నేను ఆ షెడ్డులో ఊక మీద ఆడుకుంటూ పెరిగాను. తర్వాత ఐటీఐ, తర్వాత నలభై ఏళ్ళు ట్రాక్టర్లు, చేపల చెరువుల ఇంజన్లు, రేవులో పంటులు. పంటు అంటే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం పోయే పంటు గోదావరి నడిమధ్యలో ఆగిపోతే ఎక్కినవాళ్ళు దేవుడితో పాటు తిట్టేది మెకానిక్కునే, ఆ తిట్లు తిన్నవాణ్ణి నేను.

మా అబ్బాయి ఉద్యోగం ఇంగ్లండులో, ఉత్తరం వైపు. మొదటిసారి వెళ్ళినప్పుడు చలికాలం. నాలుగింటికే చీకటి. టీవీ చూడటం, గిన్నెలు కడగటం, మనవడికి తెలుగు అక్షరాలు దిద్దించబోయి వాడిచేత తిట్టించుకోవటం. పదిరోజులకే పిచ్చెక్కింది. చూడలేక అబ్బాయి ఒక ఆదివారం హెరిటేజ్ రైల్వేకి తీసుకెళ్ళాడు. పేరు చెప్పను, చిన్నది, వాళ్ళని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

హెరిటేజ్ రైల్వే అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. అక్కడ ప్రభుత్వం మూసేసిన చిన్న చిన్న లైన్లని ఊళ్ళోవాళ్ళు చందాలేసుకుని తీసుకుని, సొంతంగా రైళ్ళు నడుపుతారు. టికెట్లు కొట్టేవాడు, జెండా ఊపేవాడు, పట్టాల కింద దుంగలు మార్చేవాడు, టీ అమ్మే ఆవిడ, దాదాపు అందరూ జీతం లేనివాళ్ళే. 1951లో వేల్స్‌లోని టాలిలిన్ రైల్వేతో మొదలైంది ఈ వ్యవహారం. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేలో బొగ్గింజన్ల కాలం అయిపోయాక జనం ఆ ఇంజన్లని తుక్కు దుకాణాల నుంచి కొనుక్కొచ్చి మరీ బాగుచేశారు. అందుకే హెరిటేజ్ అనగానే పొగ, ఆవిరి, కూత, ఫొటోలు. కానీ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. లీడ్స్‌లో మిడిల్టన్ రైల్వే అని ఉంది, 1758లో పార్లమెంటు చట్టంతో వచ్చిన పాత బొగ్గు లైను. 1960 జూన్‌లో దాన్ని జీతం లేని మనుషులు చేతుల్లోకి తీసుకుని మొదటి బండి నడిపినప్పుడు లాగింది బొగ్గింజను కాదు. పక్కనే ఉన్న హన్స్‌లెట్ కంపెనీలో అద్దెకి తెచ్చిన పాత డీజిల్ ఇంజను. వెనకాల తగిలించిన పెట్టె ఏమిటనుకున్నారు, స్వాన్సీ ఊరి రెండంతస్తుల ట్రాము! చేతికి దొరికినదాంతో నడిపేశారు. మన పెళ్ళిళ్ళలో చివరి నిమిషంలో పక్కింటివాళ్ళ జనరేటరు తెచ్చి పెట్టినట్టు.

మనకీ ఇక్కడ ఒక లైను పోయిందండి, గుర్తుందా? కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేశారు. యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు ఊడబెరుక్కుని పట్టుకుపోయారు. మా నాయనమ్మ ద్రాక్షారామం రైల్లో వెళ్ళిన మనిషి. పట్టాలు పీకేశాక ఆ కట్ట మీద నడిచి వెళ్ళిన మనిషి కూడా. మళ్ళీ రైలు వచ్చేసరికి 2004. ఆవిడ లేదు. అరవై నాలుగేళ్ళు కట్ట అలాగే పడి ఉంది, దాని మీద గడ్డి మొలిచింది. మనం చందాలేసుకుని నడిపేవాళ్ళమా అంటే, నాకు తెలీదు, ఆ మాట ఇప్పుడు వద్దులెండి.

ఇప్పుడు షంటర్. మన స్టేషన్లలో షంటర్ అంటే మనిషి, యార్డులో ఇంజను అటూ ఇటూ నడిపే ఉద్యోగి. అక్కడ షంటర్ అంటే ఇంజనుకే పేరు. మొదటి రోజు నాకూ వాళ్ళకీ అక్కడే గందరగోళం వచ్చింది. "మా షంటర్‌ని విప్పుతున్నాం, చూస్తావా" అంటే నేను కంగారుపడ్డాను.

వాళ్ళ దగ్గర ఉన్నది క్లాస్ 08. 1952 నుంచి 1962 వరకూ 996 తయారుచేశారు ఈ రకం. ఆరు చక్రాలు, చక్రాలన్నిటినీ కలుపుతూ బయట పక్క ఇనప రాడ్లు, ముందు పొడుగాటి ముక్కు, వెనకాల డ్రైవరు గది. యాభై టన్నుల బరువు, అటూ ఇటూగా. లోపల ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజను. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 10 అంగుళాలు; స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 12. ఇక్కడున్న మెకానిక్కులు ఆ కొలత వినండి, పిస్టను మన అన్నం గిన్నెంత ఉంటుంది. అంతా కలిపి ఇచ్చేది 350 హార్స్‌పవరు. ఇంతేనా అంటారా? నిజమే, ఈ రోజుల్లో పెద్ద లారీ కూడా దగ్గర దగ్గర అంత ఇస్తుంది. కానీ ఇది నిమిషానికి 680 చుట్లు దాటదు. ఇంజను జనరేటరుని తిప్పుతుంది, జనరేటరు కరెంటు రెండు మోటార్లకి పోతుంది, మోటార్లు పళ్ళ చక్రాల మీదుగా ఇరుసుల్ని తిప్పుతాయి. గంటకి 15 మైళ్ళు, అంటే 24 కిలోమీటర్లు, అదీ దాని గరిష్ఠ వేగం. సైకిలు మీద కుర్రాడు దాటేస్తాడు. కానీ కదలని బండిని కదిలించాలంటే దాని ముందు ఎవరూ నిలబడలేరు. దున్నపోతు నడక, దున్నపోతు బలం. వాళ్ళు ముద్దుగా "గ్రాంక్" అంటారు, అది చేసే చప్పుడుని బట్టి.

మరి బొగ్గింజన్ల రైల్వేలో దీనికేం పని? బొగ్గింజను పొద్దున పదింటికి బండి లాగాలంటే తెల్లవారకముందే ఒకడొచ్చి నిప్పు రాజెయ్యాలి, గంటలు పడుతుంది. అది చల్లగా ఉన్నప్పుడు ఉత్త ఇనప కొండ. దాన్ని షెడ్డులోంచి బయటికి లాగేది ఎవరు? పెట్టెల్ని వరసగా కూర్చేది ఎవరు? ఈ దున్నపోతే. పని అయ్యాక మూలకి పోయి నిలబడుతుంది. అప్పుడు బొగ్గింజను పొగ వదులుతూ వస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. అంతర్వేది తీర్థంలో రథం కదులుతుంటే మనం స్వామిని చూస్తాం గానీ, చక్రం పక్కన మొద్దు పట్టుకుని నడిచేవాణ్ణి చూస్తామా? వాడు మొద్దు సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో వాడికే తెలుసు.

ఎవరో ఏదో అడుగుతున్నారు... జీతమా? (నవ్వులు) లేదండి, టీ. అది కూడా కప్పు నాది నేనే కడుక్కోవాలి. ఇంకో సంగతి, విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు అక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. రిజిస్టరైన చారిటీలో జీతం లేకుండా అయితే మొత్తం 30 రోజులు దాటకుండా చెయ్యొచ్చని నిబంధన. మా అబ్బాయి అది నాలుగుసార్లు చదివి, కేలండరు మీద గీతలు పెట్టి, వారానికి రెండు రోజులు పంపించేవాడు. మందులు లెక్కపెట్టి ఇచ్చినట్టు ఇచ్చాడు నాకు ఇంగ్లండు. అలా రెండు చలికాలాలు.

ఆ షెడ్డులో మనుషుల గురించి చెప్పాలి. పెద్దాయన ఒకాయన, ఎనభై దాటాయి, పాత రైల్వే డ్రైవరు. బ్యాంకులో పనిచేసే ఒకాయన, వారమంతా టై కట్టుకుని ఆదివారం నల్లటి బురదలో దొర్లుతాడు. రిటైరైన లెక్కల టీచరమ్మ, వైరింగ్ బొమ్మలు చదవటంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు, నాకు ఆ బొమ్మలు నేర్పింది ఆవిడే. పదహారేళ్ళ కుర్రాడొకడు, వాడికి తుప్పు గీకే పని. అక్కడ అందరూ ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటారు. ఎనభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవమంటే నా నోరు రాదు కదా. "గురూగారూ" అన్నాను. అదేంటని అడిగారు, చెప్పాను. రెండో వారానికి షెడ్డంతా ఆయన్ని గురూగారూ అంటున్నారు, ఆ బ్యాంకాయనతో సహా.

పని అంటే రోజూ ఇంజను విప్పేస్తారనుకోకండి. పదిలో తొమ్మిది వంతులు తుడవటం, చూడటం, రాసుకోవటం. ఆయిలు కర్ర తీసి చూడు, రంగు చూడు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, పల్చగా ఉండి డీజిల్ వాసన వస్తే ఎక్కడో పైపు కారి ఆయిల్లో కలుస్తోంది. రెండూ ప్రమాదమే. బ్యాటరీలు చూడు. ఇవి మన ట్రాక్టరు బ్యాటరీలు కావండి, వరసగా గదులు, మొత్తం 90 ఓల్టులు. విడిగా స్టార్టరు మోటారు ఉండదు, బ్యాటరీ కరెంటు జనరేటరుకి ఎదురు పంపితే అదే మోటారై ఇంజనుని తిప్పుతుంది. ఇది నాకు మహా నచ్చింది. జనరేటరు బ్రష్షులు అరిగాయా చూడు, బొగ్గు దుమ్ము ఊది తుడు. రాడ్ల బేరింగుల్లో నూనె పొయ్యి. ఎవరైనా కింద దూరి పని చేస్తుంటే ఇంజను కదపకూడదని బోర్డు పెట్టు, పెట్టినవాడే తియ్యాలి, ఇంకొకడు తియ్యకూడదు. మన దగ్గర ఏం చేస్తాం? "ఒరేయ్, కింద ఎవరైనా ఉన్నారా" అని అరుస్తాం, ఎవరూ పలక్కపోతే స్టార్ట్ చేస్తాం. పలకనివాడు ఉండి ఉండొచ్చు కదా! నలభై ఏళ్ళు నేనూ అరిచినవాణ్ణే.

నేను తిట్లు తిన్నది కూడా చెప్తాను, లేకపోతే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఇంజెక్టరు పైపు, అంటే సిలిండర్లోకి డీజిలు పంపే పైపు, దాని మీద వేలు పెట్టి ఏ సిలిండరు సరిగ్గా కొట్టట్లేదో చెప్పటం మన పాత మెకానిక్కుల విద్య. మా నాన్న దాన్ని నాడి చూడటం అనేవాడు. ఒకరోజు ఎక్కడో డీజిలు చిమ్ముతోంది, ఎక్కడో కనపడట్లేదు, నేను అలవాటుగా చెయ్యి పెట్టి తడమబోయాను. గురూగారు నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు. ఆ ఒత్తిడిలో సూదిలా వచ్చే డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న చుక్కలా కనపడుతుంది, చూస్తూ కూర్చుంటే వేలు తీసెయ్యాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలట. నలభై ఏళ్ళు నా వేళ్ళు నాకు మిగిలాయంటే అది నా తెలివి కాదు. ఇక్కడ కుర్రాళ్ళు ఎవరైనా వర్క్‌షాపుల్లో ఉంటే ఈ ఒక్క ముక్క పట్టుకెళ్ళండి, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

ఇక ఆ రోజు సంగతి.

రెండో చలికాలం. షెడ్డులో ఒక బొగ్గింజను విప్పి పెట్టారు, చోటు లేదు, మన షంటర్ రెండు వారాలుగా బయటే ఉంది. రాత్రంతా వాన. పొద్దున్నే పెట్టెలు మార్చాలి, జనం వచ్చేస్తారు, టెన్షన్. బ్యాంకాయన గదిలోకెక్కి స్టార్ట్ చెయ్యబోతున్నాడు. నేను ఊరికే పైకి చూశాను. పొగ గొట్టం నోరు తెరుచుకుని ఆకాశం వంక చూస్తోంది. దాని మీద బకెట్టు బోర్లించేవారట, గాలికి ఎగిరిపోయింది, ఎవరూ చూసుకోలేదు.

మనవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చేలో చిన్న ఇంజనయితే కొబ్బరి చిప్ప, ట్రాక్టరయితే పాలడబ్బా. మన వానలకి గొట్టం మీద ఏదో ఒకటి బోర్లించకుండా ఏ రైతయినా ఇంటికెళ్తాడా? గొట్టంలోంచి దిగిన నీళ్ళు, ఏ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తెరిచి ఆగిపోయిందో అందులోకి పోయి కూర్చుంటాయి. గాలిని నొక్కితే అణుగుతుంది, నీళ్ళు అణగవు. కింద నుంచి పిస్టను పైకి వస్తుంది, పైన నీళ్ళు దారివ్వవు, మధ్యలో కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. లేకపోతే హెడ్డు పగులుతుంది. అరవై ఏళ్ళ ఇంజను ఒక్క సెకనులో తుక్కు.

నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు. టెన్షన్‌లో ఆ ఉన్నది కూడా పోయింది. "ఆగండాగండి" అని తెలుగులోనే అరిచాను, చేతులు అడ్డం పెట్టి. ఆయన ఆగాడు, కానీ మొహంలో చిరాకు కనపడుతోంది. నేను గొట్టం చూపించాను, వాన చూపించాను, సిలిండరు హెడ్డు మీద చిన్న కుళాయి లాంటి కాక్ చూపించి తెరవమన్నట్టు తిప్పాను. గురూగారికి అర్థమైపోయింది. ఆరు కాక్‌లూ తెరిచారు. బారు పెట్టి ఇంజనుని చేత్తో తిప్పటం మొదలుపెట్టాం, ఇద్దరం పట్టుకుంటే గానీ కదల్లేదు. మొదటిది, గాలి. రెండోది, గాలి. మూడోది, బుస్సుమని తుప్పు రంగు నీళ్ళు చిమ్మాయి, బ్యాంకాయన ప్యాంటు మీద. ఎంతనుకున్నారు, ఓ రెండు టీ గ్లాసులు ఉంటాయేమో.

ఎవరూ ఏం మాట్లాడలేదు కాసేపు. ఆ రోజు పెట్టెలు ఇంకేదో తిప్పలు పడి మార్చుకున్నారు. మేం ఆరు సిలిండర్లూ ఆరబెట్టి, ఆయిలు పరీక్ష చేసి, మళ్ళీ మళ్ళీ చేత్తో తిప్పి, మర్నాడు స్టార్ట్ చేశాం. ఆ మొదటి పొగ తెల్లగా వచ్చింది, తర్వాత నల్లగా, తర్వాత ఏమీ కనపడలేదు. నేను మా నాన్నని తలుచుకున్నాను. "ఆగిన ఇంజను చచ్చిన పాము కాదురా, పడుకున్న పాము, చేత్తో కదిపి చూడు" అనేవాడు. ఆ మాట వాళ్ళకి చెప్పడానికి నాకు భాష చాల్లేదు.

మా కోడలు బిస్కట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి ఇచ్చింది, పెద్దది, రేకుది. దానికి రెండు కొక్కేలు, తీగ పెట్టి గాలికి ఎగరకుండా చేశాను. కుర్రాడు దాని మీద తెల్ల రంగుతో "గోదావరి" అని రాశాడు. పిలవటం మాత్రం గోడావరి అంటారు, ద పలకదు వాళ్ళకి. ఇప్పుడు వాళ్ళ తనిఖీ కాగితంలో ఒక వరస కొత్తగా చేరింది, సాయంత్రం గోడావరి పెట్టారా, పొద్దున్న గోడావరి తీశారా అని. తియ్యకుండా స్టార్ట్ చేస్తే ఏమవుతుందో అది కూడా ఒకసారి జరిగింది లెండి, డబ్బా పక్క పొలంలో దొరికింది.

ఇప్పుడు అసలు పని మీదికి వస్తాను.

ఆ షెడ్డు వెనక మూల ఇంకో చిన్న డీజిల్ ఇంజను తుప్పు పట్టి ఉంది. తిరిగి వచ్చేసే రోజు దాని పక్క రేకు తుడిచి చూశాను. రస్టన్ అండ్ హార్న్స్‌బీ, లింకన్. నాకు కాళ్ళాడలేదు. మా నాన్న నడిపిన మిల్లు ఇంజను రేకు మీదా అవే అక్షరాలు. చదవటం రాకముందే ఆ అక్షరాల ఆకారం నాకు తెలుసు, రోజూ గుడ్డతో తుడిచేవాణ్ణి కాబట్టి. లెక్కల టీచరమ్మ చెప్పింది, లింకన్ రస్టన్ కంపెనీ, గ్రాంథమ్ హార్న్స్‌బీ కంపెనీ 1918లో కలిసిపోయాయట. ఆ హార్న్స్‌బీ వాళ్ళు 1896లోనే వూల్విచ్ ఆయుధాల కర్మాగారానికి ఆయిలుతో నడిచే చిన్న రైలింజను తయారుచేశారట. అంటే మన హల్లరు మిల్లు ఇంజనూ, ఆ మూలన తుప్పు పట్టిన చిన్న ఇంజనూ ఒకే వంశం. తాతలు ఒకళ్ళే.

ఆ మిల్లు ఇంకా ఉందండి. మీలో చాలామందికి తెలుసు ఎక్కడో. హల్లర్లు పోయాయి, బెల్టులు పోయాయి, ఇంజను మాత్రం దిమ్మ మీద ఉంది, తియ్యాలంటే గోడ పగలగొట్టాలి కాబట్టి మిగిలింది. తుక్కు బేరం వాళ్ళు రెండుసార్లు వచ్చారు. ఓనరు గారి మనవడితో మాట్లాడాను, ఒక ఏడాది ఆగుతానన్నాడు. రంగు వేసి కూడలిలో దిమ్మ మీద నిలబెడదామని ఒకాయన అన్నారు. నేను ఒప్పుకోను. అది తిరగాలి. ఊరు ఆ చప్పుడు వినాలి, కనీసం సంక్రాంతికి ఒక్క గంట.

డబ్బు గురించి భయపడకండి, ముందు కావలసింది డబ్బు కాదు. పిస్టను పట్టేసి ఉంది, కిరసనాయిలు పోసి నానబెట్టాలి, వారాలు పట్టొచ్చు. మీ దగ్గర పాత లుంగీలు ఉంటే తెండి, కొత్త గుడ్డ ఆయిలు పీల్చదు. ఐటీఐ పిల్లలు నలుగురు వస్తామన్నారు. ఆడపిల్లలు కూడా రావచ్చా అని ఇందాక ఒకమ్మాయి అడిగింది. తప్పకుండా రామ్మా, నాకు బొమ్మలు చదవటం నేర్పింది టీచరమ్మే అని ఇప్పుడేగా చెప్పాను. వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకోండి. ఫ్లైవీలు చేత్తో తిప్పటానికి నలుగురు కావాలి, అది రెండో నెల మాట.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. మొన్న వెళ్ళి చూశాను, షెడ్డు కప్పు మీద గొట్టం అలాగే ఉంది, నోరు తెరుచుకుని. ఎన్నేళ్ళ వాన దిగిందో లోపలికి. నా దగ్గర పాలడబ్బా ఉంది, తీగ ఉంది. నిచ్చెన లేదు. ఇక్కడ ఎవరింట్లోనైనా ఇరవై అడుగుల నిచ్చెన ఉందాండీ? ఉంటే కాస్త చెయ్యెత్తండి.